బ్రేక్ పెడల్ బిగుసుకుంది.. ఏం చేస్తారు?

సర్వీస్ సెంటర్‌లో టెక్నీషియన్ పోస్టుకు ఇంటర్వ్యూ. థియరీ ప్రశ్నలకు టకటకా జవాబులు చెప్పేశారు. ఆ తర్వాత మిమ్మల్ని ఓ పెట్రోల్ కారు దగ్గరకు తీసుకెళ్లి, ‘బ్రేక్ పెడల్ రాయిలా ఉందని కస్టమర్ ఫిర్యాదు. సంగతేంటో చూడండి’ అన్నారు. ‘బూస్టర్ పోయింది సార్, మార్చేయాలి’ అని వెంటనే అనేస్తే అవకాశం చేజారినట్లే! ఇలాంటి ప్రాక్టికల్ టెస్టులో వాళ్లు చూసేది జవాబును కాదు, దాన్ని మీరు ఏ వరుసలో రాబట్టారన్నది. ఐటీఐ, డిప్లొమా, బీటెక్ మెకానికల్ అభ్యర్థులకు పనికొచ్చే ఆ వరుస ఇదీ..

ముందు ఇది తెలియాలి

బ్రేక్ తొక్కేది మన కాలే అయినా, ఎక్కువ బలం వచ్చేది వాక్యూమ్ బూస్టర్ నుంచి. బానెట్ ఎత్తితే డ్రైవర్ వైపు నల్లటి గుండ్రని డబ్బాలా కనిపించేది అదే. లోపల రబ్బరు డయాఫ్రం దాన్ని రెండు గదులుగా విడదీస్తుంది. ఇంజిన్ నడుస్తుంటే రెండు గదుల్లోనూ వాక్యూమ్ ఉంటుంది. పెడల్ తొక్కగానే వెనక గదిలోకి బయటి గాలి వస్తుంది. రెండు వైపులా ఉన్న ఒత్తిడి తేడాయే మనకు సాయం.

ఎంత సాయమో లెక్క వేసి చూడండి. 8 అంగుళాల డయాఫ్రం వైశాల్యం సుమారు 50 చదరపు అంగుళాలు. ఐడిలింగ్‌లో 18 అంగుళాల పాదరసం వాక్యూమ్ ఉందనుకుంటే, ఒక్కో చదరపు అంగుళానికి దాదాపు 9 పౌండ్లు. మొత్తం 450 పౌండ్లు, అంటే 200 కిలోలకు పైమాటే! ఇది పోతే పెడల్ గట్టిపడక ఏమవుతుంది? ఇంటర్వ్యూలో ఈ లెక్క చెప్పగలిగితే మీకు విషయం అర్థమైందని అవతలి వాళ్లకు తెలిసిపోతుంది.

పెట్రోల్ ఇంజిన్‌లో సాధారణంగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వాక్యూమ్ వస్తుంది. డీజిల్ కార్లలో, చాలా టర్బో పెట్రోల్ కార్లలో విడిగా వాక్యూమ్ పంపు ఉంటుంది. ఎలక్ట్రిక్ కారులో ఇంజినే లేదు కాబట్టి విద్యుత్ వాక్యూమ్ పంపు గానీ, మోటారుతో పనిచేసే బూస్టర్ గానీ వాడతారు.

పాన కన్నా ముందు ప్రశ్న

పెడల్ ఎప్పుడూ గట్టిగానే ఉంటోందా, అప్పుడప్పుడేనా? తొక్కినప్పుడు ‘స్‌స్‌’మనే శబ్దం వస్తోందా? ఈ మధ్య బ్రేక్ పని ఏదైనా చేయించారా? కస్టమర్‌ను ఈ మూడూ అడగండి. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉంటే అది వేరే కథ. అప్పుడు అనుమానించాల్సింది ముఖ్యంగా లైనులో చేరిన గాలిని.

మూడు పరీక్షలు

న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టాకే మొదలుపెట్టాలి.

* మొదటిది: ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి. గట్టిపడుతుంది, అది సహజమే. అలాగే తొక్కిపట్టి ఇంజిన్ స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగితే బూస్టర్ సాయం అందుతున్నట్లు. కదలకపోతే వాక్యూమ్ అందడం లేదు, లేదా బూస్టర్‌లోనే లోపం.
* రెండోది: ఇంజిన్‌ను ఒకట్రెండు నిమిషాలు నడిపి ఆపేయండి. పెడల్‌ను నెమ్మదిగా మూడుసార్లు తొక్కండి. మొదటిసారి లోతుగా దిగి, తర్వాత ఒక్కోసారి కాస్త పైనే ఆగితే వాక్యూమ్ నిలుస్తున్నట్లు. మొదటిసారే గట్టిగా ఉంటే లీకు.
* మూడోది: ఇంజిన్ నడుస్తుండగా పెడల్ తొక్కిపట్టి, ఇంజిన్ ఆపి 30 సెకన్లు అలాగే ఉండండి. పెడల్ కాలిని పైకి నెడితే లీకు ఉన్నట్లే.

తప్పు ఎక్కడ?

బూస్టర్‌కు వచ్చే వాక్యూమ్ పైపుతో మొదలుపెట్టండి. పగుళ్లు, వదులైన క్లిప్పు, లోపల మూసుకుపోవడం చూడాలి. తర్వాత గేజ్ పెట్టండి. మంచి కండిషన్‌లోని మామూలు పెట్రోల్ ఇంజిన్ ఐడిలింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల దాకా చూపుతుంది. బాగా తగ్గితే తప్పు ఇంజిన్ వైపు లేదా పంపులో ఉంది.

చెక్ వాల్వ్ గాలిని ఒకవైపే పోనివ్వాలి. విప్పి నోటితో ఊదితే తేలిపోతుంది. బూస్టర్ వైపు నుంచి ఇంజిన్ వైపు గాలి వెళ్లాలి, తిరిగి రాకూడదు. పైపు, వాక్యూమ్, వాల్వ్ మూడూ బాగుండి, పరీక్షల్లో మాత్రం తప్పితే అప్పుడే బూస్టర్ మార్చే మాట ఎత్తాలి. వాల్వ్‌తో పోయేదానికి బూస్టర్ మార్పిస్తే కస్టమర్ జేబుకు చిల్లు, వర్క్‌షాప్‌కు చెడ్డపేరు.

మూడు పరీక్షలూ పాసైతే చక్రాల వైపు వెళ్లండి. బిగుసుకున్న క్యాలిపర్ పిస్టన్, తుప్పుపట్టిన గైడ్ పిన్నులు, నునుపెక్కిన ప్యాడ్లు, లోపల మూసుకుపోయిన బ్రేక్ హోస్.. ఇవన్నీ అనుమానితులే. బ్రేక్ వదిలాక కూడా చక్రం తిరగకపోతే బ్లీడర్ స్క్రూ కొద్దిగా వదులు చేయండి. చక్రం వదులైతే ఒత్తిడి హోస్‌లోనో, దానికి పైనో చిక్కుకుంది. అప్పటికీ తిరగకపోతే తప్పు క్యాలిపర్‌లోనే.

ఈ పొరపాట్లు వద్దు

* గైడ్ పిన్నులకు మామూలు గ్రీజు రాయొద్దు. రబ్బరు ఉబ్బిపోతుంది. బ్రేకుల కోసమే తయారుచేసిన గ్రీజు వాడాలి.
* బ్రేక్ ఫ్లూయిడ్ బదులు ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా పడకూడదు. సీళ్లన్నీ పాడవుతాయి.
* బూస్టర్ తీసినప్పుడు లోపల ఫ్లూయిడ్ తడి కనిపిస్తే మాస్టర్ సిలిండర్ వెనక సీల్ లీకవుతోంది. దాన్ని వదిలేసి కొత్త బూస్టర్ బిగిస్తే అదీ పాడవుతుంది.
* పనయ్యాక మూడు పరీక్షలూ మళ్లీ చేయకుండా, ఖాళీ చోట నెమ్మదిగా నడిపి చూడకుండా కారు అప్పగించొద్దు.

కస్టమర్‌కూ ఒక మాట చెప్పండి. పెట్రోల్ ఆదా అని ఘాట్ రోడ్డు దిగేటప్పుడు ఇంజిన్ ఆపేసేవాళ్లు ఉన్నారు. బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోతుంది. ఆ తర్వాత వచ్చే మలుపులో పెడల్ రాయే!

జాబ్ కార్డు మీద మీరు పెట్టే సంతకాన్ని నమ్మి ఒక కుటుంబం ఆ కారెక్కుతుంది. ‘ఇది తేల్చుకున్నాక అది చూస్తాను సార్’ అని వరుసగా చెప్పే అభ్యర్థికి, జవాబు ఊహించి చెప్పే అభ్యర్థికి తేడా అక్కడే తెలుస్తుంది. దగ్గర్లో తెలిసిన మెకానిక్ షెడ్డు ఉంటే ఈ వారమే వెళ్లి, ఆ మూడు పరీక్షలూ మీ కాలితో చేసి చూడండి.