తుంటి విరిగేదాకా ఆగాలా?

కుర్రవయసులో ఎముక విరిగి ఆస్పత్రిలో చేరేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. బైకులు, ఆటలు, చెట్లెక్కడాలు, గోడలు దూకడాలు అన్నీ ఆ పద్దులోవే. యాభై దాటాక లెక్క తారుమారవుతుంది, ఆడవాళ్లు ముందుకొస్తారు. వాళ్లు పెద్ద ఎత్తు నుంచేమీ పడరు. బాత్‌రూమ్‌లో తడి నేల, గడపకు తగిలిన కాలు చాలు. నిలబడ్డ మనిషి కిందపడినంత మాత్రానే ఎముక విరిగిందంటే, అది అప్పటికే గుల్లబారిందేమోనని అనుమానించాలి.

ఏ ఎముక విరుగుతుందన్నది చాలావరకు వయసును బట్టి ఉంటుంది. యాభైల్లో మణికట్టు. ఎక్స్‌రే ఇంకా పుట్టని 1814లోనే డబ్లిన్ సర్జన్ అబ్రహాం కోలీస్ ఈ ఫ్రాక్చర్‌ని వర్ణించాడు. ఆ వయసులో తూలిపడబోతే చెయ్యి చటుక్కున ముందుకు చాపే చురుకు ఇంకా ఉంటుంది, బరువంతా మణికట్టు మీద పడుతుంది. డెబ్బై దాటాక నడక నెమ్మదిస్తుంది, ఆ చురుకూ పోతుంది. పక్కకి ఒరిగి పడతారు, దెబ్బ తుంటికి తగులుతుంది. ఈ రెంటి మధ్యా వెన్నుపూసలు చప్పుడు లేకుండా అణిగిపోతుంటాయి. వాటిలో మూడింట రెండు వంతులు డాక్టరు దాకా రానే రావు. నడుంనొప్పి, వయసు మీదపడింది అనుకుని ఊరుకుంటారు.

ఆడవాళ్లకే ఎందుకిలా? పాత ఎముకను కరిగించే కణాలు, కొత్తది కట్టే కణాలు జీవితాంతం పనిచేస్తూనే ఉంటాయి. కరిగించేవాటిని అదుపులో ఉంచేది ఈస్ట్రోజెన్. ముట్లుడిగాక అది పడిపోతుంది, కట్టేదానికన్నా కరిగేది ఎక్కువవుతుంది. మగవాళ్లలో హార్మోన్లు అలా ఒక్కసారిగా పడిపోవు, పైగా వాళ్ల ఎముకలు మొదటినుంచీ పెద్దవి.

1990లో ప్రపంచంలో సుమారు 16.6 లక్షల తుంటి ఫ్రాక్చర్లు జరిగాయని అంచనా. అందులో దాదాపు 12 లక్షలు ఆడవాళ్లవే. మన దేశంలో తేడా మరీ అంత లేదు. హర్యానాలోని రోహ్‌తక్ జిల్లాలో చేసిన అధ్యయనంలో, యాభై దాటినవాళ్లలో ఏడాదికి లక్షకు 159 మంది ఆడవాళ్లకు, 105 మంది మగవాళ్లకు తుంటి విరిగింది. మగవాళ్లు దీన్ని చూసి ధీమా పడనక్కర్లేదు. తుంటి విరిగాక ఏడాదిలోపు చనిపోయే ప్రమాదం వాళ్లకే ఎక్కువ.

మరి విటమిన్ డి ఇచ్చే ఎండకు కొదవలేని నేల మీద ఎముకలు బలంగా ఉండాలి కదా? తిరుపతి స్విమ్స్ వైద్యులు ఆ చుట్టుపక్కల ఆరోగ్యవంతులనే పరీక్షిస్తే, పట్నంలోనూ పల్లెలోనూ విటమిన్ డి లోపం బయటపడింది. తిండిలో కాల్షియమూ తక్కువే.

ఇంకో చిక్కుంది. ఆస్పత్రి రికార్డుల్లో ప్రధానంగా కనిపించేది తుంటి, అంటే కథ ముదిరాక. మణికట్టు విరిగినవాళ్లలో చాలామంది పిండికట్టు వేయించుకుని అదే రోజు ఇంటికెళ్లిపోతారు, కొందరు నాటువైద్యులు వేసే పుత్తూరు కట్టుకి వెళతారు. ఎముక అతుక్కుంటుంది. ఎందుకు విరిగిందని మాత్రం ఎవరూ అడగరు. అసలు హెచ్చరిక అక్కడే చేజారిపోతోంది.

మీ ఇంట్లో యాభై దాటినవాళ్లు చిన్నగా కిందపడినందుకే చెయ్యి విరగ్గొట్టుకుంటే, కట్టు విప్పించడానికి వెళ్లిన రోజే ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ గురించి డాక్టరుని అడగండి.