ముక్కు కొన నుంచి గదుమ దాకా

"పిల్ల మంచిదే గని పండ్లు జెర ఎత్తున్నయి" అని ఓరుగల్లు మట్టెవాడ గల్లీలో ఏ పెద్దమ్మో అన్నదంటే చాలు, నెల తిరగకుండానే ఆ పిల్ల నోట్లో క్లిప్పులు మెరుస్తాయి. తమాషా ఏమిటంటే, క్లిప్పులు వేసే డాక్టరు పళ్లు ఒక్కటే చూసి ఊరుకోడు. పిల్లను పక్కకు తిరిగి కూర్చోమని ముక్కు, పెదవులు, గదుమ చూస్తాడు.

ఈ చూపు ఒక రాతి బొమ్మతో మొదలైంది. వంకరపళ్లను మూడు తరగతులుగా విడదీసి 1899లో ప్రకటించిన అమెరికా డాక్టరు ఎడ్వర్డ్ యాంగిల్‌కు అందమంటే వాటికన్‌లోని అపోలో బెల్వెడేర్ విగ్రహం ముఖమే. తర్వాత వుర్‌పెల్ అనే చిత్రకళా గురువును సలహా అడిగితే, అందరికీ పనికొచ్చే ఒకే ముఖం ఎక్కడా లేదు పొమ్మన్నాడాయన. యాంగిల్ ఆ మాటకు తలవంచాడు గానీ పళ్లన్నీ ఉంటేనే ముఖం అందంగా ఉంటుందన్న పట్టు విడవలేదు. పన్ను పీకడమంటే ఆయనకు మంట.

ముఖాన్ని కొలవడం మనవాళ్లకేమీ కొత్త కాదు. శిల్పశాస్త్రంలో ముఖం పొడవు పన్నెండు అంగుళాలు. ఆ అంగుళాలు మన టేపువి కావు, ఆ బొమ్మ కొలతలోంచే పుట్టేవి. నుదురు నాలుగు, ముక్కు నాలుగు, కింద గదుమ దాకా నాలుగు. నేటి క్లిప్పుల డాక్టరూ ముఖాన్ని ఇంచుమించు ఆ మూడు ముక్కలుగానే చూస్తాడు. అయితే కొలత తెలిసినవాడే దాన్ని దాటగలడు. 1213 నాటి రామప్ప గుడిలో నల్లరాతి మదనికల కాళ్లు చూడండి, అంత పొడుగు కాళ్లు మనుషులకెక్కడివి?

గదుమ సంగతి మరీ ముచ్చటైనది. 1914లో చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ మన శిల్పాల అంగాంగాలకు పోలికలు వివరిస్తూ ముక్కుకు నువ్వుపువ్వును, పెదవికి దొండపండును, గదుమకు మామిడి టెంకను చూపించారు. ముఖాన్ని పక్క నుంచి చూసే డాక్టరుకు టెంక పోలిక ఇట్టే అర్థమవుతుంది.

ముక్కు మీద పద్యం చెప్పి ముక్కు తిమ్మన అయ్యాడని నంది తిమ్మన అనే కవి గురించి ఒక కథ ఉంది. తుమ్మెదలు దరి చేరని సంపెంగ తపస్సు చేసి అందగత్తె ముక్కై పుట్టిందని ఆ పద్యం భావం. పద్యం మాత్రం రామరాజభూషణుడి వసుచరిత్రలో కనిపిస్తుంది, తిమ్మన దగ్గర ఆయన కొనుక్కున్నాడని కొంటె మాట. ఆ ముక్కే నేటి వైద్యంలో కొలబద్ద. రికెట్స్ అనే డాక్టరు ముక్కు కొన నుంచి గదుమ దాకా ఒక గీత గీశాడు. కింది పెదవి ఆ గీతకు సుమారు 2 మిల్లీమీటర్లు వెనక ఉండాలన్నాడు. ముక్కు పెద్దదైతే గీత ముందుకు జరుగుతుంది, పెదవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. అంటే పెదవి తప్పు కాకపోవచ్చు, తప్పంతా ముక్కుదే.

మరి ఆ కొలతలు ఎవరివి? 1931లో బ్రాడ్‌బెంట్ అనే డాక్టరు తల కదలకుండా పట్టి ఎక్స్‌రే తీసే పరికరాన్ని పరిచయం చేశాక, 1948లో డౌన్స్ అనే మరో డాక్టరు తన లెక్కలు కట్టాడు. ఆధారం 12 నుంచి 17 ఏళ్ల తెల్లజాతి పిల్లలు ఇరవై మంది. మన ముఖాల్లో పళ్లూ పెదవులూ సహజంగానే కాస్త ముందుకు ఉంటాయి. ఆ లెక్కతో చూస్తే సగం ఓరుగల్లుకు వైద్యం కావాలి! అందుకే మన దేశంలోనూ వేరే కొలతలు కట్టుకున్నారు.

పన్ను పీకడమా, మానడమా అన్నదే అన్నిటికన్నా పెద్ద తగవు. యాంగిల్ శిష్యుడు ట్వీడ్, గురువు పద్ధతిలో చేసిన వైద్యాలు నిలవక, అదే రోగులకు కోరపళ్ల వెనక పళ్లు నాలుగు పీకించి మళ్లీ చేశాడు. ఒక్కో పన్ను తీస్తే సుమారు 7 మిల్లీమీటర్ల చోటు. కానీ పళ్లు ఎంత వెనక్కి పోతాయో పెదవులు అంత పోవు. పైగా వయసుతో ముక్కు, గదుమ ముందుకు పెరుగుతాయి, పెదవులు పలచబడతాయి. పన్నెండేళ్లప్పుడు బాగా లోపలికి లాగేసిన పళ్లు నలభై ఏళ్లకు ముఖాన్ని చప్పిడి చేయొచ్చు. మంచి డాక్టరు నేటి ఫొటోకు కాదు, రేపటి ముఖానికి లెక్క వేస్తాడు.

అసలు అందమన్నది చోటుకో తీరు, కాలానికో తీరు. జపాన్‌లో ముందుకు పొడుచుకొచ్చిన కోరపన్నును యాయెబా అని మురిపెంగా చూస్తారు. మన దక్కన్‌లో ఒకప్పుడు మిస్సీ అనే పొడితో పళ్లు నల్లగా చేసుకోవడమూ సింగారమే.

ఇక క్లిప్పులు తీశాక పళ్లు మళ్లీ జరగకుండా డాక్టరు రాత్రిపూట పెట్టుకోమని ఒక పలుచని అచ్చు ఇస్తాడు. నెల తిరిగేసరికి అది ఏ డబ్బాలోనో దుమ్ము పట్టి ఉంటుంది. అసలు క్లిప్పులే వేయించుకోనివారికీ వయసు మీదపడే కొద్దీ కింది ముందుపళ్లు మెల్లగా ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి. మా నాయనమ్మ పెళ్లి ఫొటోలో కింది వరుస తిన్నగా ఉంది. నేనెరిగిన నాయనమ్మకు అక్కడ రెండు పళ్లు భుజాలు తోసుకునేవి.