చిగుళ్లు పెరిగాయని... గోలీ మానేయొద్దు!

పళ్లు రోజురోజుకూ పొట్టిగా కనిపిస్తున్నాయా? తగ్గింది పళ్లు కాదు... చిగుళ్లే పెరిగి వాటిని కప్పేస్తున్నాయి! 'వేడి చేసింది' అనుకుని మజ్జిగ తాగుతాం, ఉప్పు రుద్దుతాం. అసలు కారణం ఒక్కోసారి రోజూ వేసుకునే గోలీలో ఉంటుంది.

ఏ మందులతో?
ముఖ్యంగా మూడు రకాలు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ మొదటిది. అది 1938లో వాడుకలోకి వచ్చింది. మరుసటి ఏడాదే చిగుళ్ల సమస్య వైద్యుల దృష్టికొచ్చింది. వాడేవారిలో దాదాపు సగం మందికి ఈ ఇబ్బంది రావచ్చు. రెండోది నిఫెడిపిన్, ఆమ్లోడిపిన్ లాంటి బీపీ మాత్రలు. మూడోది అవయవ మార్పిడి తర్వాత ఇచ్చే సైక్లోస్పోరిన్. వీటివల్ల చిగుళ్లలో పీచులాంటి కొల్లాజెన్ పేరుకుపోతుంది. మందు మొదలెట్టిన కొద్ది నెలల్లో పళ్ల సందుల్లో వాపు కనిపిస్తుంది. పళ్లకు పాచి ఉంటే మరింత పెరుగుతుంది.

మానేస్తే ముప్పే!
ప్రభుత్వాసుపత్రుల్లో బీపీ అదుపు కార్యక్రమం 2017లో మొదలైన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ చికిత్సలో ఆమ్లోడిపిన్ ప్రధానమైన మందు. దానితో చిగుళ్లు పెరిగేది కొద్దిమందికే. అయితే జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం లాంటి మండలాల్లో పంటి డాక్టర్ కోసం పట్టణానికి వెళ్లాలంటే ఆ రోజు కూలి పోయినట్టే. దాంతో 'ఈ గోలీ పడట్లేదు' అని సొంతంగా మానేయాలనిపిస్తుంది. ప్రమాదం అక్కడే ఉంది! బీపీ పెరిగితే పక్షవాతం రావచ్చు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

గోలీ రాసిన డాక్టరుకే సంగతి చెప్పండి. మందు మారిస్తే చాలామందికి కొన్ని నెలల్లో వాపు తగ్గుతుంది. పళ్లు శుభ్రం చేయించుకోవాలి. రెండు పూటలా మెత్తని బ్రష్‌తో తోముకోవాలి. అప్పటికీ తగ్గకపోతే చిన్న శస్త్రచికిత్సతో అదనపు చిగురు తీసేస్తారు.

ఇంకా ఏమేం కారణాలు?
గర్భిణుల్లో, ఎదిగే పిల్లల్లో హార్మోన్ల మార్పులతో చిగుళ్లు ఉబ్బుతాయి. విటమిన్-సి లోపం, నోటితో గాలి పీల్చే అలవాటు కూడా కారణాలే. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. చిగుళ్లు త్వరత్వరగా ఉబ్బి, రక్తం కారుతూ, జ్వరం, నీరసం, ఒంటిపై కమిలిన మచ్చలు ఉంటే మాత్రం ఆలస్యం వద్దు. రక్త క్యాన్సర్ ఇలా కూడా బయటపడుతుంది. వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

పంటి డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు రోజూ వాడే గోలీల షీట్లన్నీ వెంట తీసుకెళ్లండి. సగం రోగనిర్ధారణ వాటితోనే అయిపోతుంది!