క్యాంపింగ్‌కి బార్బెక్యూ కొంటున్నారా? రేటు, సైజు తర్వాత.. ముందు ఆపే నాబ్ ఉందో లేదో చూడండి!

డిసెంబర్, జనవరి అంటే మనకు చలికాలం. ఆస్ట్రేలియాలో మాత్రం మండే ఎండాకాలం. పిల్లలకు పెద్ద సెలవులు వచ్చేదీ అప్పుడే. మెల్‌బోర్న్, సిడ్నీల్లోని తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి టెంట్లు సర్దుకుని బయల్దేరేది కూడా ఈ టైమ్‌లోనే. ముందురోజు రాత్రే చికెన్‌కి మసాలా పట్టించి ఐస్ బాక్స్‌లో పెట్టేస్తారు. తీరా అక్కడికెళ్లాక ‘ఈరోజు టోటల్ ఫైర్ బ్యాన్’ అని బోర్డు కనిపిస్తే? డిక్కీలో ఉన్నది బొగ్గుల బార్బెక్యూ అయితే ఆ పూటకి బ్రెడ్డు, అరటిపళ్లే గతి!

అందుకే బార్బెక్యూ కొనేముందే ఈ రూల్స్ తెలుసుకోవడం మంచిది.

అసలు ఏంటీ ఫైర్ బ్యాన్?

ఎండ, వేడిగాలులు, ఎండిన గడ్డి.. ఈ మూడూ కలిస్తే చిన్న నిప్పురవ్వ చాలు, అడవి అంటుకోవడానికి. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియా రాష్ట్రంలో చెలరేగిన కార్చిచ్చుల్లో 173 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ రోజును అక్కడివాళ్లు ఇప్పటికీ ‘బ్లాక్ సాటర్డే’ అంటారు. అలాంటి ప్రమాదకరమైన వాతావరణం ఉన్న రోజుల్లో అధికారులు టోటల్ ఫైర్ బ్యాన్ ప్రకటిస్తారు. ఆ రోజు బయట మంట వేయడం నేరం. భారీ జరిమానానే కాదు, జైలు శిక్ష కూడా పడొచ్చు.

బొగ్గులకు ఎందుకు నో?

బొగ్గులు, కట్టెలు, బ్రికెట్లు, పెల్లెట్లు.. వీటన్నిటితో ఒకటే సమస్య. ఒకసారి రాజుకుంటే వెంటనే ఆపలేం. గాలి వీస్తే నిప్పురవ్వలు ఎగిరిపోతాయి. వంట అయిపోయాక కూడా బూడిద కింద నిప్పు గంటల తరబడి ఉంటుంది. చాలామంది పైన ఇసుక పోసి ఆరిపోయిందనుకుంటారు. ఇసుక నిప్పును ఆర్పదు, వేడిని లోపలే దాచిపెడుతుంది. తెలియక దానిమీద కాలు పెట్టే పిల్లలకు కాళ్లు కాలతాయి. నిప్పు ఆర్పాలంటే నీళ్లే పోయాలి.

గ్యాస్‌ది అలా కాదు. నాబ్ తిప్పితే మంట ఆగిపోతుంది. ఫైర్ బ్యాన్ రోజున గ్యాస్, ఎలక్ట్రిక్ బార్బెక్యూలకు కొంత మినహాయింపు దొరకడానికి ప్రధాన కారణం ఇదే.

గ్యాస్ ఉంటే ఎక్కడైనా ఓకేనా?

కాదు. ఇక్కడే చాలామంది పొరపడతారు. రూల్స్ రాష్ట్రాన్ని బట్టి మారతాయి. విక్టోరియాలో కంపెనీ తయారీ పోర్టబుల్ గ్యాస్ బార్బెక్యూ వాడొచ్చు. కానీ చుట్టూ 3 మీటర్ల మేర మండే వస్తువు ఏదీ ఉండకూడదు. పక్కనే కనీసం 10 లీటర్ల నీళ్లు గానీ, నీళ్ల పైపు గానీ ఉండాలి. మంట వెలిగినంతసేపూ ఒక పెద్దవాళ్లు అక్కడే నిలబడాలి.

న్యూ సౌత్ వేల్స్‌లో ఇంకా కట్టుదిట్టం. ఇంటికి 20 మీటర్లలోపు గానీ, అధికారులు కేటాయించిన పిక్నిక్ ఏరియాలో గానీ మాత్రమే వాడాలి. అంటే అడవిలో మీ టెంట్ ముందు స్టవ్ పెడతామంటే కుదరకపోవచ్చు. పైగా నేషనల్ పార్కులు సొంతంగా కూడా ఆంక్షలు పెడతాయి.

మరి ఏది కొనాలి?

* రెండు రాష్ట్రాలూ తిరిగే కుటుంబానికి మూత ఉన్న చిన్న గ్యాస్ బార్బెక్యూ బెస్ట్. మూత ఉంటే గాలికి మంట ఆరిపోదు, గ్యాస్ కూడా ఆదా. కాళ్లు కదలకుండా గట్టిగా ఉన్నాయా, ఆస్ట్రేలియాలో వాడేందుకు ఆమోదం పొందిన సర్టిఫికేషన్ గుర్తు ఉందా చూసుకోండి.

* గ్యాస్ లెక్క సింపుల్. గంటకు 12 మెగాజౌల్స్ అని రాసి ఉన్న బర్నర్‌ని ఫుల్‌లో పెడితే 4 కిలోల సిలిండర్ దాదాపు 16 గంటలు వస్తుంది. వారం ట్రిప్‌కి అది సరిపోతుంది.

* డబ్బా గ్యాస్‌తో నడిచే చిన్న బ్యూటేన్ స్టవ్ చవకే. కానీ చలి ప్రాంతాల్లో, సున్నా డిగ్రీల దగ్గర బ్యూటేన్ సరిగ్గా ఆవిరి కాదు, మంట నీరసపడుతుంది. దానిమీద పెద్ద పెనం పెట్టొద్దు. వేడి డబ్బా మీదకు తన్ని పేలే ప్రమాదం ఉంది.

* కరెంట్ ఉండే క్యారవాన్ పార్క్‌లో దిగితే ఎలక్ట్రిక్ గ్రిల్ చాలు. అయితే అది 2,000 వాట్లకు పైనే లాగొచ్చు. చిన్న బ్యాటరీ పవర్ స్టేషన్‌తో నడుస్తుందని ఆశపడొద్దు.

* అసలు ఏదీ కొనకుండా కూడా పని జరుగుతుంది. ఆస్ట్రేలియాలో చాలా పబ్లిక్ పార్కుల్లో ఉచిత ఎలక్ట్రిక్ బార్బెక్యూలు ఉంటాయి.

ఇవి మర్చిపోవద్దు

బయల్దేరే ముందు గ్యాస్ పైపు జాయింట్ల దగ్గర సబ్బు నీళ్లు రాయండి. బుడగలు వస్తే లీక్ ఉన్నట్టే. ఎల్పీజీ గాలికంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. అందుకే సిలిండర్‌ని కారులో నిలువుగా పెట్టండి, గాలి ఆడేలా చూడండి. వాన వచ్చిందని బార్బెక్యూని టెంట్ లోపలికి మాత్రం అస్సలు తీసుకెళ్లొద్దు. గ్యాస్ అయినా, బొగ్గులైనా వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రోజూ పొద్దున్నే ఫోన్ చూడండి. విక్టోరియాలో అయితే ‘విక్‌ఎమర్జెన్సీ’, న్యూ సౌత్ వేల్స్‌లో అయితే ‘హజార్డ్స్ నియర్ మీ’ యాప్‌లో ఆ రోజు బ్యాన్ ఉందో లేదో తెలుస్తుంది. నిన్న లేదు కాబట్టి ఇవాళ ఉండదనుకోవద్దు. ఎక్కడైనా పొగ, మంట కనిపిస్తే వెంటనే 000కి ఫోన్ చేయండి.

అమెరికాలో ఉన్నవాళ్లకూ దాదాపు ఇదే సూత్రం. అక్కడి నేషనల్ ఫారెస్టుల్లో ఆంక్షలు పెట్టినప్పుడు చాలాచోట్ల బొగ్గులు, క్యాంప్‌ఫైర్‌లు బంద్. ఆపే వాల్వ్ ఉన్న గ్యాస్ స్టవ్‌కే ఎక్కువగా అనుమతి ఉంటుంది.

చివరిగా ఒక మాట. గ్యాస్ బార్బెక్యూ ఉన్నా సరే, అసలు స్టవ్వే వెలిగించలేని రోజు రావొచ్చు. అందుకే ఒక పూటకి సరిపడా పులిహోర డబ్బా కూడా బ్యాగులో పెట్టుకోండి. దానికి ఏ బ్యానూ ఉండదు!