బాబురావు వెంట నడిచిన కుర్రవాళ్లు

1857 తిరుగుబాటు అనగానే అందరికీ ఝాన్సీ, లక్నో గుర్తుకు వస్తాయి. మన ముల్చేర, అహేరి, సిరొంచ అడవుల ఊసు ఎవరూ ఎత్తరు. ప్రాణహిత ఒడ్డున తరతరాలుగా కాపురముంటున్న మన ఇళ్లలోనైనా ఈ కథ పిల్లలకు చెప్పాలని మా కోరిక.

మోలంపల్లి జమీందారీకి చెందిన గోండు యువకుడు బాబురావు శేడ్మాకే. పుట్టింది 1833లో. జంగోమ్ సేన అని పేరుపెట్టి సుమారు 500 మందిని కూడగట్టాడు. 1858 మార్చిలో రాజ్‌గఢ్ పరగణా పట్టుకున్నాడు. చాందా డిప్యూటీ కమిషనరు కెప్టెన్ క్రైటన్ పటాలాన్ని పంపాడు. నాందగావ్-ఘోసరి, సగణాపూర్, బామణపేఠ్, ఇలా వరుసగా పోరాటాలు జరిగాయి. అడపల్లి-ఘోట్ జమీందారు వెంకటరావు కూడా వచ్చి కలిశాడు.

ఆ 500 మందిలో రోహిల్లాల మాట అలా వుంచండి; వారికి యుద్ధం కొత్త కాదు. గోండు కుర్రవాళ్ల సంగతేమిటి? నిన్నటిదాకా పోడు కొట్టుకొని, ఇప్పపూలు ఏరుకొని బతికినవాళ్లు. ఎదుట కుంపిణీ తుపాకులు పేలుతుంటే గుండె దడదడలాడకుండా వుంటుందా? బాబురావును తూటా తాకదనీ, అతనికేదో దైవశక్తి వున్నదనీ అడవిలో కథ పుట్టింది. చదువుకున్నవాళ్లు దీనిని మూఢనమ్మకమని కొట్టిపారేస్తారు. మాకు తోచేది వేరు. ఆ కథ అవసరం బాబురావుకు కాదు, అతని వెనక నడిచేవాడికి. ముందున్నవాడికి దెబ్బ తగలదని నమ్మితేనే వెనకవాడి కాలు ముందుకు పడుతుంది.

భయం అవతలివారికీ తప్పలేదు. ఏప్రిల్ 29న ప్రాణహిత దగ్గర చించ్‌గుండిలో తంతివాళ్ల డేరాల మీద దాడి జరిగింది. గార్ట్‌లాండ్, హాల్ అనే దొరలు చనిపోయారు. పీటర్ అనే మూడోవాడు ప్రాణాలు అరచేత పట్టుకొని పారిపోయి క్రైటన్‌ను చేరుకున్నాడు. పాపం, అతనిని పిరికివాడనగలమా?

అహేరి జమీందారిణి లక్ష్మీబాయి తెల్లవారి పక్షం వహించింది. ఆమెను ద్రోహి అనేవారే ఎక్కువ. జమీందారీ పోతుందన్న భయం కూడా భయమే కదా! ఒకసారి భోపాలపట్నంలో చిక్కి తప్పించుకున్న బాబురావు, సెప్టెంబరులో ఆమె మనుషులకు దొరికిపోయాడు. అక్టోబరు 21న చాందా జైలులో ఉరితీశారు. అప్పటికి అతనికి 25 ఏళ్లు. ఉరితాడు పదేపదే తెగిపోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. వెంకటరావు బస్తరుకు తప్పించుకుపోయినా 1860లో పట్టుబడి ద్వీపాంతరం పాలైనాడు.

బాబురావు పేర 2009లో తపాలా బిళ్ల వెలువడింది. మాకు కావలసింది ఆ కుర్రవాళ్ల సంగతి. ఘోట్, మోలంపల్లి, ముల్చేర వైపు పెద్దల నోట విన్నవారెవరైనా వుంటే తప్పక వ్రాసి పంపవలసినది.