ఏటికెదురేగు చేపలు

వానలు బలపడి చెరువు మత్తడి దుముకునప్పుడు చేపలు నీటికెదురుగా ఎగబ్రాకుట జనగామ, మహబూబాబాదు సీమల పెద్దలెల్లరు చిన్ననాటనుండి ఎరిగినదే. అది గ్రుడ్లు పెట్టుటకై చేయు యాత్ర. రవ్వ, బొచ్చె వంటి జాతులు పారెడు క్రొత్తనీరు తగిలిననే గాని గ్రుడ్లు విడువవు. కావున వాన తప్పిన యేడు చేప సంతతియు తప్పును.

వాన తప్పుటకు మూలమొకటి మనకు మిక్కిలి దూరమున నున్నది. పెరూ దేశపు తీరమున కొన్ని యేండ్లకొకసారి సముద్రజలము వెచ్చబడును. క్రిస్మసు దినములలో కానవచ్చుటచే అచ్చటి జాలరులు దానిని 'ఎల్ నీన్యో', అనగా బాలయేసు, అనిరి. పసిఫిక్ మహాసముద్రమునకు ఈ దరిని ఆ దరిని గాలి యొత్తిడి త్రాసు తట్టలవలె ఊగుటకును దీనికిని సంబంధము గలదు. ఆ ఊగిసలాటను 1920 తరువాతి యేండ్లలో వివరించినవారు గిల్బర్టు వాకరు. 1904 మొదలు 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతి. ఎల్ నీన్యో వచ్చిన ప్రతియేడును కరవే యనరాదు. 1997లో అది అతి బలముగా నుండియు దేశమున వానలు ఇంచుమించు సరిగనే కురిసినవి. 2015లో మాత్రము తెలంగాణమున చెరువులెన్నియో ఎండినవి.

ఇక చేప ఆరోగ్యము. వెచ్చని నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరగును. 25 డిగ్రీల నీరు లీటరునకు సుమారు 8 మిల్లీగ్రాములు పట్టగా, 35 డిగ్రీల నీరు 7 మాత్రమే పట్టును. వేడిమిలో చేపకు ఊపిరి యవసరమో, హెచ్చును. రాబడి తగ్గి ఖర్చు పెరిగిన కాపురమువలె నుండును దాని స్థితి. ఎండిన మడుగున కిక్కిరిసిన చేపలకు పేలు పట్టును, పుండ్లు పుట్టును. వరద రానిచో గ్రుడ్లు కడుపునందే కరగిపోవును.

పులస సంగతి వేరు. అది సముద్రమునుండి గోదావరి ఎర్రనీటికెదురేగును. దారిలో మేత అంతంతమాత్రము, ఒంటి క్రొవ్వే దారిబత్తెము. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట ముగియుటతో పైదారి మూసికొనిపోయినది. భూపాలపల్లి సీమలోని కాళేశ్వరము రేవున పులసకై వెదకుట వ్యర్థము.

మన చెరువుల చేపకు అడ్డు, మత్తడి క్రిందనే పన్నిన వల. కరవు వెంట వచ్చు తొలి వరదలో ఎదురేగునవి బ్రతికి మిగిలిన కొద్ది తల్లిచేపలే. పెరిగిన రవ్వ యొక్కటి లక్షలకొలది గ్రుడ్లు మోయును. అట్టి యేట తొలి రెండు మూడు దినములు అచ్చట వల వేయకుండుటకు సర్కారు ఉత్తరువు అక్కరలేదు. ఊరిపెద్దలును ముదిరాజు, గంగపుత్ర కులపెద్దలును కట్టమీద కూర్చుండి తీర్మానించుకొనిన చాలును.