వార్తల్లో పదం: దేహమాన చరిత్ర

జీతాలు, ధరల లెక్కలు సరిగా దొరకని కాలంలో జనం ఎలా బతికారో వాళ్ల సగటు ఎత్తును బట్టి అంచనా వేసే పద్ధతి ఇది. ఆంత్రోపోమెట్రిక్ హిస్టరీ అనీ అంటారు. ఒక మనిషి పొడుగో పొట్టో కావడం చాలావరకు తల్లిదండ్రుల పోలికే. వేలమంది సగటు తరానికీ తరానికీ మారితే మాత్రం చిన్ననాటి తిండి, జబ్బులు, చాకిరీ ఎలా ఉండేవో చూడాలి. పుంగనూరు ఆవు పొట్టిగా ఉండటం జాతి లక్షణం. పుంగనూరు మనుషుల సగటుకు ఆ మాట చెల్లదు.

మన చిత్తూరు ప్రాంతపు కొలతలు వలస కాగితాల్లో ఉన్నాయి. 1903 నుంచి 1916 దాకా మద్రాసులో ఫిజీ ఓడ ఎక్కిన కూలీల పాసుల మీద ఊరు, కులం, వయసుతో పాటు ఎత్తునూ అడుగులు, అంగుళాల్లో రాశారు. మనిషిని గుర్తుపట్టడానికి రాసుకున్న అంకెలవి, చరిత్ర కోసం కాదు. ఆ పాసుల్లో మన ఊళ్లను వెతికేటప్పుడు పాత జిల్లాలు గుర్తుంచుకోవాలి: 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా పుంగనూరు, కుప్పం ఉత్తర ఆర్కాటు జమీందారీల్లోవి. మదనపల్లె కడప జిల్లాలోది. 1876-78 కరువు రెండు జిల్లాలనూ పీడించింది. ఆ కరువులో పుట్టిన బిడ్డకు 1903 నాటికి దాదాపు పాతికేళ్లు ఉంటాయి. దక్షిణ భారత వలస కూలీల ఎత్తులపై బ్రెన్నన్, మెక్‌డొనాల్డ్, ష్లోమోవిట్జ్ 1994లో అధ్యయనం వెలువరించారు. ఓడెక్కినవాళ్లు ఎక్కువగా పేదలే కాబట్టి, ఆ సగటును ఊరందరికీ అంటగట్టకూడదు.

ఇప్పుడు అదే కొలత అంగన్‌వాడీల్లో నడుస్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు.